రాయి కదలదు, పిల్లాడు ఆగడు: స్టెబిలైజరున్న సూపర్‌జూము గురించి నాలుగు ముక్కలు

కెమేరా కొన్న ప్రతి సాఫ్టువేరు జీవీ మూడో నెల్లో అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మాటిమాటికీ లెన్సులు మార్చే ఓపిక నాకు లేదు. ఒక్కటే లెన్సు, అన్నిటికీ పనికొచ్చేది చెప్పు. వైడూ కావాలి, జూమూ కావాలి, చెయ్యి వణికినా ఫోటో చెడకూడదు."

ఇలా అడగటంలో తప్పేం లేదు. గొడవంతా జవాబు చెప్పేవాళ్ళతోనే. వీళ్ళల్లో రెండు మఠాలున్నాయి. మొదటి మఠం వాళ్ళు క్షణం ఆలోచించకుండా "18-200 తీస్కో, లేదా 18-300 తీస్కో. పదకొండు రెట్ల జూము, నాలుగు స్టాపుల స్టెబిలైజరు, ఇంకేం కావాలి" అంటారు. రెండో మఠం వాళ్ళు ముక్కు మూసుకుని "ఛీ, సూపర్‌జూమా! అంచుల్లో మెత్తగా ఉంటుంది, గీతలు వంగిపోతాయి, దాన్ని కూడా లెన్సంటారా" అంటారు. మొదటివాళ్ళ ప్రమాణం డబ్బా మీద అచ్చేసిన అంకెలు. రెండోవాళ్ళ ప్రమాణం గోడకంటించిన టెస్టు చార్టు. మీరు ఏ వెలుతురులో, ఏం కదులుతుంటే, ఎంత దూరం నించి ఫోటో తీస్తారని ఈ రెండు మఠాల్లో ఒక్కడూ అడగడు.

నేను చెప్పదల్చుకున్నది ముందే సూటిగా చెప్పేస్తాను. స్టెబిలైజరున్న సూపర్‌జూము చెడ్డ లెన్సు కాదు. కొన్ని పనులకి దాన్ని మించింది లేదు. కానీ దాన్ని మనకి అంటగడుతున్నది "ఫ్యామిలీ లెన్సు" అనే పేరుతో. సరిగ్గా ఆ పని దగ్గరే అది చేతులెత్తేస్తుంది. ఆ సంగతి దాచటానికి వాడే ముసుగు పేరే స్టెబిలైజరు.

ముందు కాస్త చరిత్ర, న్యాయంగా మాట్లాడాలి కాబట్టి. 1992లో టామ్రాన్ 28-200 తెచ్చి, ఒక్క లెన్సులో ఊరంతా చుట్టెయ్యొచ్చని చూపించింది. 1995లో కెనాన్ 75-300 ఐఎస్ తెచ్చింది. ఎస్ఎల్ఆర్ కెమేరాలకి మార్చుకునే లెన్సుల్లో స్టెబిలైజరున్న మొదటిది అదే. 2004లో అదే కెనాన్ రెండింటినీ కలిపి 28-300 ఎల్ ఐఎస్ తీసుకొచ్చింది గానీ అది కేజీన్నర దాటి బరువు. పెళ్ళికి మోసుకెళ్తే అక్షింతలు వెయ్యటానికి చెయ్యి లేవదు. ఇక 2005 నవంబరులో నికాన్, డీ200 కెమేరాతో పాటు 18-200 వీఆర్ ప్రకటించింది. బరువు 560 గ్రాములు. 12 గుంపులుగా పేర్చిన 16 గాజు ముక్కలు. 11.1 రెట్ల జూము. నాలుగు స్టాపుల స్టెబిలైజరు. 2006లో అమెరికాలో దుకాణాల్లో స్టాకు లేక జనం వెయిటింగ్ లిస్టుల్లో పేర్లు రాయించుకున్నారు. 2008లో కెనాన్ తన 18-200 ఐఎస్, టామ్రాన్ తన 18-270 వీసీ దించాయి. ఆ తర్వాత ఇక ఆగలేదు.

నేను ముఖ్యంగా ఈ నికాన్ 18-200 నే ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే ఈ జాతి మొత్తానికి దారి చూపింది అదే, ఇవాళ్టికీ సెకండ్‌హాండులో చేతులు మారుతూనే ఉంది, దాని మీద చెప్పే మాటలన్నీ కొత్త లెన్సుల మీద కూడా పొల్లు పోకుండా చెబుతున్నారు.

మొదటి అంకె: రెట్లు.

"పదకొండు రెట్లు" అంటే దూరంగా ఉన్నది పదకొండు రెట్లు దగ్గరగా కనపడుతుందని చాలామంది నమ్మకం. కాదండీ. 200ని 18తో భాగిస్తే వచ్చిన భాగహారం అది, అంతే. క్రీడా మైదానాల్లో ఫోటోగ్రాఫర్లు భుజాన వేసుకుని తిరిగే 70-200కి మూడు రెట్లు కూడా లేవు. రెట్లు ఎక్కువన్న దాన్నిబట్టి దూరం కొట్టేస్తుందనీ చెప్పలేం, బాగా తీస్తుందనీ చెప్పలేం. ఒక మాడ్యూల్లో ఎన్ని వేల లైన్ల కోడుందో చెప్పి అది బాగా పనిచేస్తుందనటం లాంటిదే ఇది.

పైగా ఆ 200 కూడా అన్ని వేళలా 200 కాదు. ఇంటర్మీడియట్ ఫిజిక్సు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. నాభ్యంతరం, ఆవర్థనం, గుర్తొచ్చాయా? పలుచటి కటకంతో వస్తువుకీ బింబానికీ మధ్య దూరం నాభ్యంతరానికి నాలుగు రెట్ల కంటే తగ్గటం కుదరదు. 200 మి.మీ. కటకానికి అది 80 సెంటీమీటర్లు. కానీ ఈ లెన్సు 50 సెంటీమీటర్లకే ఫోకస్ అవుతుంది, అప్పుడు ఆవర్థనం 0.22 అని కంపెనీ వాళ్ళే రాశారు. లెక్క కట్టండి. దూరం ఈజీక్వల్టు నాభ్యంతరం ఇంటూ (2 ప్లస్ 0.22 ప్లస్ 1 బై 0.22). బ్రాకెట్లోది సుమారు 6.77. 500ని 6.77తో భాగిస్తే 74 వస్తుంది. అంటే జూము రింగు మీద 200 అని కనపడుతున్నా, అంత దగ్గర్లో ఆ లెన్సు దాదాపు 75 మి.మీ. లెన్సులా ప్రవర్తిస్తోంది. పలుచటి కటకం లెక్క కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ 200 దరిదాపుల్లోకి రాదు.

ఇది మోసం కాదు. లోపలి గాజుల్ని జరిపి ఫోకస్ చేసే లెన్సులన్నీ ఎంతోకొంత ఇలాగే చేస్తాయి. దూరాన కొండ మీద గుడి తీసేటప్పుడు మీకు రావాల్సిన 200 వస్తుంది. మీరు దగ్గరికొచ్చే కొద్దీ అది తగ్గుతుంది. మరి ఇంట్లో మనుషుల్ని మనం ఎంత దూరం నించి తీస్తాం? హాలు ఈ చివర నించి ఆ చివరికి. ఎక్కడ పూర్తిగా పనిచేస్తుందో అక్కడ మనం ఉండం, మనం ఉన్నచోట అది పూర్తిగా పనిచెయ్యదు.

రెండో అంకె: స్టాపులు.

అసలు పేచీ ఇక్కడుంది. స్టెబిలైజరు ఏం చేస్తుంది? లెన్సులో చిన్న గైరో సెన్సర్లుంటాయి. మీ చెయ్యి వణికినప్పుడు లెన్సు ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో అవి కనిపెడతాయి. దానికి సరిపడా ఒక గాజుల గుంపుని ఒక మోటారు ఎదురు దిశలో జరుపుతుంది. బింబం సెన్సరు మీద కదలకుండా నిలబడుతుంది. అద్భుతమైన ఇంజనీరింగే, కాదనను. ఫీడ్‌బ్యాకు సర్క్యూట్లు చదివినవాడెవడైనా దణ్ణం పెట్టాల్సిందే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 200 దగ్గర, ఏపీఎస్-సీ సెన్సరు మీద, పాత సూత్రం ప్రకారం చేత్తో పట్టుకుని తియ్యాలంటే షట్టరు 1/300 సెకను ఉండాలి. నాలుగు స్టాపులంటే నాలుగుసార్లు రెట్టింపు. 1/150, 1/75, 1/38, 1/19. అంటే సుమారు 1/20 సెకను దాకా చేత్తో పట్టుకుని తియ్యొచ్చు. ఈ స్టాపుల్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకునే రోజులు పోయి, జపాన్ కెమేరా కంపెనీల సంఘం సీపా ఒక ప్రామాణిక పద్ధతి పెట్టింది. యంత్రంతో కెమేరాని ఒక పద్ధతిలో వణికించి, ఎదురుగా ఉన్న చార్టుని ఫోటో తీసి కొలుస్తారు. బాగానే ఉంది. కానీ ఒక్క మాట గమనించారా? ఆ పరీక్షలో వణికేది కెమేరా. చార్టు కదలదు.

స్టెబిలైజరు వాగ్దానం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. మీ చెయ్యి వణుకు తీసేస్తాను, అవతల ఉన్నది కదలకుండా ఉంటే. ఆ రెండో సగం డబ్బా మీద ఉండదు.

మరి మన ఇళ్ళల్లో సంగతేంటి? రాత్రి పూట ట్యూబులైటున్న హాలు, పిల్లాడి మొహం మీద 100 లక్సుల వెలుతురు అనుకుందాం. ఐఎస్ఓ 1600 పెట్టండి. ఎఫ్/5.6 దగ్గర, అంటే ఈ లెన్సు 200 కొనలో, మీకు దొరికే షట్టరు 1/20. విచిత్రం చూశారా, స్టెబిలైజరు హామీ ఇచ్చిన అంకె కూడా సరిగ్గా అదే! సేల్సు వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ హాల్లో, ఆ లైటులో, 200 దగ్గర, చేత్తో పట్టుకుని తీస్తే గోడ మీది క్యాలెండరులో తిథి నక్షత్రాలు కూడా చదువుకోవచ్చు.

ఇప్పుడు ఆ క్యాలెండరు ముందు మూడేళ్ళ పిల్లాడున్నాడు. వాడు తల తిప్పాడు. సెకనుకి ఒక మీటరు వేగం అనుకోండి, పిల్లలకి అదేం పెద్ద వేగం కాదు, అన్నం వద్దని తల తిప్పే వేగం అది. 1/20 సెకనులో వాడి తల ఐదు సెంటీమీటర్లు జరిగింది. వాడి మొహమే పన్నెండు, పదమూడు సెంటీమీటర్లుంటుంది. మొహంలో మూడో వంతు పైగా అలుక్కుపోయింది. నాలుగు కాదు, ఎనిమిది స్టాపుల స్టెబిలైజరు పెట్టినా ఆ ఐదు సెంటీమీటర్లలో ఒక్క మిల్లీమీటరు తగ్గదు. కదిలింది మీ చెయ్యి కాదు మరి.

"ఇంట్లో 200 ఎవడు వాడతాడు?" అంటారా. సరే, 35 దగ్గరికి రండి. అక్కడ ఈ లెన్సు ఎఫ్/4 చుట్టుపక్కల ఉంటుంది. షట్టరు 1/40. వాడి తల రెండున్నర సెంటీమీటర్లు జరిగింది. ఇప్పుడు అదే కెమేరాకి 35 మి.మీ. ఎఫ్/1.8 తగిలించండి. నికాన్ 2009లో తెచ్చిన డీఎక్స్ 35 సంగతి చెబుతున్నాను. 200 గ్రాములు. సూపర్‌జూము కంటే చాలా చవక. స్టెబిలైజరు లేదు, జూము అసలే లేదు. అదే హాలు, అదే లైటు, అదే ఐఎస్ఓ. షట్టరు 1/200. తల జరిగింది ఐదు మిల్లీమీటర్లు. 35 మి.మీ. లెన్సుకి చెయ్యి వణుకు కనపడకుండా ఉండాలంటే 1/50 చాలు కాబట్టి మీకు స్టెబిలైజరుతో పనే లేదు.

ఏ లెన్సు "ఫ్యామిలీ లెన్సు"?

మా టీములో ఒకాయన కూతురి మొదటి పుట్టినరోజుకి ముందు ఇలాంటి సూపర్‌జూము ఒకటి కొన్నాడు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. పార్టీ అయిన మర్నాడు ఆఫీసులో ఫోటోలు చూపించాడు. వెనక బ్యానరు మీద "హ్యాపీ బర్త్ డే" అక్షరాలు కత్తితో చెక్కినట్టున్నాయి. కేకు మీద చెర్రీ పండు మెరుస్తోంది. బెలూను మీద ఫ్లాషు చుక్క కూడా స్పష్టం. కొవ్వొత్తి వైపు చేతులు చాపుతున్న పిల్ల మొహం మాత్రం తడి చేత్తో తుడిచిన ముగ్గులా ఉంది. "ఫోకస్ సరిగ్గా కుదర్లేదనుకుంటా గురూ" అన్నాడు పాపం, తప్పు తనదే అన్నట్టు. ఫోకస్ భేషుగ్గా కుదిరింది. స్టెబిలైజరు కూడా తన పని తాను చేసింది. ఆయనకి ఆ పని అక్కర్లేదంతే.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. "ఆడలేక మద్దెల ఓడు" అని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, కానీ ఆడేవాడు తననే తిట్టుకుంటున్నాడు. ఎందుకంటే డబ్బా మీద నాలుగు స్టాపులని రాసుంది కదా, లెన్సు తప్పెందుకవుతుంది!

ఇప్పుడు మొదటి మఠం వాళ్ళు లేస్తారు. వాళ్ళ అభ్యంతరాలు వరసగా చూద్దాం.

"ఐఎస్ఓ పెంచుకోవచ్చు కదా, ఇప్పటి సెన్సర్లు 6400 దగ్గర కూడా బాగుంటాయి." నిజమే. పెంచండి. ఎఫ్/5.6కి 1/20 పోయి 1/80 వస్తుంది. కానీ ఎఫ్/1.8 లెన్సుకి కూడా అదే సెన్సరు కదా, దానికి 1/800 వస్తుంది. సెన్సరు మెరుగైతే అందరికీ మెరుగవుతుంది, తేడా తేడాగానే ఉంటుంది. ఇంకో సంగతి, 6400 పెంచాల్సి వచ్చింది లెన్సు కోసం, మీ కోసం కాదు.

"ఫ్లాషు వేసుకోవచ్చు." కెమేరా మీద లేచే బుల్లి ఫ్లాషా? 18 దగ్గర హుడ్డు తియ్యకుండా కొడితే ఫోటో అడుగున లెన్సు నీడ నల్లగా పడుతుంది. మనుషులేమో పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు వస్తారు. విడిగా ఫ్లాషు కొని తెల్లటి సీలింగు మీదికి తిప్పి కొడితే, అవును, సూపర్‌జూము ఇంట్లో చక్కగా పనిచేస్తుంది. ఇది నిజాయితీ గల జవాబు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పని చేసింది ఫ్లాషు. "ఒక్క లెన్సు చాలు, ఇంకేం మొయ్యక్కర్లేదు" అన్న మాట అక్కడితో పోయింది. ఫంక్షను హాల్లో సీలింగు ముప్ఫై అడుగుల ఎత్తునుంటే ఆ దారీ లేదు.

"35తో నానమ్మ దగ్గరికి జూము చెయ్యలేం కదా." రెండడుగులు ముందుకి వెయ్యండి. నానమ్మేమీ పులి కాదు.

ఇక రెండో మఠం, చార్టు భక్తులు. వీళ్ళు నాతో ఏకీభవిస్తున్నామనుకుని ఈపాటికి తలలూపుతుంటారు. ఆగండి, మీ వంతు కూడా ఉంది.

మీ కొలతలెలా తీస్తారు? కెమేరాని బరువైన ట్రైపాడు మీద బిగిస్తారు. స్టెబిలైజరు ఆపేస్తారు. మంచి లైటు పెడతారు. చదునైన చార్టుని ఫోటో తీసి, కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి, మూల మెత్తగా ఉందని తీర్పు చెబుతారు. స్టెబిలైజరున్న లెన్సుని స్టెబిలైజరు ఆపి పరీక్షించి ఫెయిల్ చెయ్యటం ఎలా ఉందంటే, నెట్‌వర్కు కేబులు పీకేసి వెబ్ సర్వరు స్లోగా ఉందని బగ్ ఫైల్ చేసినట్టుంది. కంపెనీలు ఇచ్చే ఎంటీఎఫ్ గ్రాఫులు కూడా చాలావరకు డిజైను నుంచి లెక్కగట్టినవే తప్ప మీరు కొనే డబ్బాలో ఉన్న లెన్సుని కొలిచినవి కావు.

ఈ లెన్సుకి లోపాలు లేవనటం లేదు. 18 దగ్గర గీతలు బయటికి ఉబ్బుతాయి, కాస్త జూము చెయ్యగానే లోపలికి కుంగుతాయి. అపార్టుమెంటు బాల్కనీల ఫోటో తీస్తే బిల్డరు మీద కేసు పెట్టాలనిపిస్తుంది. కిందికి వేలాడేస్తే గొట్టం దానంతటదే జారి పొడుగౌతుంది. 2009లో నికాన్ కొత్త వెర్షన్ తెచ్చింది. గాజు డిజైను పాతదే, కొత్తగా వచ్చింది గొట్టం జారకుండా ఒక తాళం. అదీ 18 దగ్గర మాత్రమే పడుతుంది. మనవాళ్ళు ఇలాంటి దాన్ని మేజర్ రిలీజ్ అంటే క్లయింటు ఊరుకుంటాడా?

కానీ ఇవేవీ ఫోటోని చంపే లోపాలు కావు. వంగిన గీతని సాఫ్టువేరు ఒక క్లిక్కుతో నిలబెడుతుంది. మెత్తటి మూల ఎవరికీ కనపడదు, అక్కడ ఆకాశమో గోడో ఉంటుంది. అలుక్కుపోయిన మొహాన్ని మాత్రం ఏ సాఫ్టువేరూ వెనక్కి తేలేదు. ఇవాళ్టి ఏఐ యాప్‌లు ఒక మొహాన్ని గీసి పెడతాయి, నిజమే. కానీ అది మీ పిల్లది కాదు, అది ఊహించిన మొహం. చార్టు భక్తులారా, మీరు బతికించుకోగల లోపాల్ని భూతద్దంలో చూపిస్తూ, బతికించలేని లోపాన్ని అసలు కొలవటమే లేదు.

అంతకంటే పెద్ద తప్పు, ఈ లెన్సు ఎక్కడ రాజో కూడా మీ చార్టు చెప్పదు. రామప్ప గుడికి వెళ్ళండి. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలు ఉంటాయి. ఎత్తులో ఉంటాయి, చూరు నీడలో ఉంటాయి. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడు పెట్టాలంటే అనుమతి తీసుకోవాలి. సరిగ్గా ఇక్కడ 200 దగ్గర పెట్టి, స్టెబిలైజరు ఆన్ చేసి, ఊపిరి బిగబట్టి 1/20తో తీసి చూడండి. ఆ మదనిక నగల మీది నకిషీ పని కళ్ళ ముందుకొస్తుంది. ఎఫ్/1.8 ఉన్న మీ 35 అక్కడ ఎందుకూ పనికిరాదు, శిల్పం బొటనవేలంత కనపడుతుంది. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆవిడ కదల్లేదు, మీ ఇరవయ్యో వంతు సెకను కోసం కదులుతుందా!

అలాగే పట్టపగలు. నేలపట్టులో చెట్ల మీద గూడబాతులు, పులికాట్ నీళ్ళల్లో రాజహంసలు, శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులో ఆగి చూస్తే లోయ. ఎండలో ఎఫ్/5.6 అయినా 1/500 పైనే వస్తుంది. ఒకే నిమిషంలో లోయ మొత్తం తీసి, మరుక్షణం చెట్టు మీది పిట్టని తియ్యాలి. లెన్సు మార్చేలోపు పిట్ట ఎగిరిపోతుంది, కెమేరాలో దుమ్ము మిగులుతుంది. ఇక్కడ సూపర్‌జూముని మించింది లేదు. ఎండలో తిరిగేవాడికీ, రాళ్ళని ప్రేమించేవాడికీ ఇది బంగారం లాంటి లెన్సు.

మరి కొనే ముందు దేన్ని కొలవాలి? మనం ఇంజనీర్లం. బెంచిమార్కు వేరు, ప్రొడక్షన్ లోడు వేరని రోజూ క్లయింటుకి చెప్పేవాళ్ళం. ఆ మాటే మనం పాటిస్తే చాలు. మూడు పరీక్షలున్నాయి, మూడింటికీ పైసా ఖర్చు లేదు, మహా అయితే ఒక వారాంతం లెన్సు అద్దె. హైదరాబాదులో, బెంగుళూరులో లెన్సులు అద్దెకి దొరుకుతాయి.

మొదటిది, మీ లాగ్ ఫైళ్ళు చదవండి. మీరు తీసిన ప్రతి ఫోటోలో ఎగ్జిఫ్ సమాచారం ఉంటుంది. ఎంత జూము, ఏ ఎపర్చరు, ఎంత షట్టరు, ఎంత ఐఎస్ఓ, ఏ టైము, అన్నీ ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ ఉచితం. రెండేళ్ళ ఫోటోలు ఒక సీఎస్వీలోకి లాగి, అందులో మీరు దాచుకున్నవి మాత్రం వేరు చెయ్యండి. అంటే అమ్మకి పంపినవి, ప్రింటు వేయించినవి, ఫోన్లో వాల్‌పేపరుగా పెట్టుకున్నవి. ఇప్పుడు రెండు ప్రశ్నలు. వాటిలో 100 మి.మీ. దాటి తీసినవెన్ని? ఐఎస్ఓ 1600 దాటినవెన్ని? మొదటి అంకె పెద్దదైతే సూపర్‌జూము మీది. రెండోది పెద్దదైతే ఎఫ్/1.8 మీది. మీకు ఏం కావాలో సేల్సు వాడి కంటే, నా కంటే, ఆ సీఎస్వీకి బాగా తెలుసు.

రెండోది, రాయి పరీక్ష. గోడకి ఒక న్యూస్ పేపరు అంటించండి. 200 దగ్గర పెట్టి 1/320, 1/80, 1/40, 1/20తో ఒక్కోదానికి పది ఫోటోలు, స్టెబిలైజరు ఆన్‌లో పది, ఆఫ్‌లో పది. పదిలో అక్షరాలు చదవగలిగినవి ఎన్నో లెక్కపెట్టండి. అన్నిటికంటే బాగా వచ్చిన ఒక్కటి చూసి మురిసిపోకండి. పదికి ఎన్ని అన్నదే లెక్క. స్టెబిలైజరు అనేది సంభావ్యత, వరం కాదు. నా చెయ్యికి వచ్చే అంకె మీ చెయ్యికి రాదు, అందుకే ఎవరి పరీక్ష వాళ్ళే చేసుకోవాలి.

మూడోది, పిల్లాడి పరీక్ష. రాత్రి ఎనిమిదింటికి మీ హాల్లో, మీ లైట్లలో, ఉన్న పిల్లల్ని ఆడుకోనివ్వండి. పోజు పెట్టమని అడగొద్దు. పిల్లలు లేకపోతే వంటింట్లో పోపు వేస్తున్న చేతుల్ని తియ్యండి. పది ఫోటోల్లో మొహం గానీ చేతులు గానీ స్పష్టంగా ఉన్నవెన్ని? ఈ పరీక్ష ఏ చార్టులోనూ, ఏ డబ్బా మీదా ఉండదు. కానీ మీ ప్రొడక్షన్ లోడు ఇదే.

ఇదంతా ఎందుకింత ఆవేశంగా చెబుతున్నానంటే, ఇది లెన్సు గొడవ మాత్రమే కాదు కాబట్టి. డల్లాసులోనో శాన్‌హోసేలోనో ఉన్నవాడు రెండేళ్ళకోసారి మూడు వారాలకి ఇంటికొస్తాడు. ఆ మూడు వారాలకోసమనే లెన్సు కొంటాడు. పగలు చుట్టాల ఇళ్ళ మధ్య కార్లో గడిచిపోతుంది. అందరూ ఒకచోట చేరేది రాత్రి భోజనాల దగ్గర, ఒకటే ట్యూబులైటు కింద. తాతయ్య పేకాటలో ఓడి నవ్వేది అప్పుడే. అమ్మమ్మ మనవరాలికి గోరుముద్దలు తినిపించేది అప్పుడే. తర్వాతిసారి వచ్చేసరికి ఆ మంచం ఖాళీగా ఉండొచ్చు. వెనకున్న ఫ్రిజ్జు స్పష్టంగా, అమ్మమ్మ చెయ్యి మసగ్గా ఉన్న ఫోటోని అప్పుడేం చేసుకుంటాడు? లెన్సు నచ్చకపోతే తిరిగి అమ్ముకోవచ్చు, డబ్బులు కొంతైనా వస్తాయి. ఆ రాత్రి తిరిగి రాదు.

కంపెనీలకి ఇది తెలియక కాదు. రెట్లూ స్టాపులూ పెంచటం సులువు, డబ్బా మీద పెద్దక్షరాలతో వేసుకోవచ్చు. ఎపర్చరు పెంచాలంటే గాజు లావౌతుంది, బరువౌతుంది, ఖరీదౌతుంది. అందుకే ఇరవై ఏళ్ళుగా బండి ఒకే దిక్కుకి నడుస్తోంది. 2005లో 200 దగ్గర ఎఫ్/5.6. 2017లో టామ్రాన్ 18-400 తెచ్చింది, కొనలో ఎఫ్/6.3. 2021లో మిర్రర్‌లెస్ కెమేరాలకి టామ్రాన్ 18-300, కొనలో అదే ఎఫ్/6.3. 2024లో నికాన్ ఫుల్ ఫ్రేముకి 28-400 తెచ్చింది, 725 గ్రాములు, 400 దగ్గర ఎఫ్/8. ఫుల్ ఫ్రేము సెన్సరు పెద్దది కాబట్టి హెచ్చు ఐఎస్ఓని బాగా తట్టుకుంటుంది, అది వేరే సంగతి. పగటి ప్రయాణాలకి ఇవన్నీ మెచ్చుకోదగ్గ లెన్సులే. కానీ రెట్లు పెరిగిన ప్రతిసారీ వెలుతురు కిటికీ ఇంకాస్త మూసుకుంది, ఆ మూసుకున్న మేరా స్టెబిలైజరు కర్టెను కట్టారు.

ఈలోగా జేబులో ఫోను ఏం చేసిందో చూడండి. దాని ప్రధాన కెమేరా ఎఫ్/1.8 చుట్టుపక్కలే. చీకట్లో పొట్టి పొట్టి ఫ్రేములు బోలెడు తీసి వాటిని పేర్చి ఒకటి చేస్తుంది. సెన్సరు వేలిగోరంత ఉన్నా, రాత్రి హాల్లో పిల్లాడి మొహం చాలాసార్లు దాంట్లోనే బాగా వస్తుంది. వేలకి వేలు పోసి సూపర్‌జూము కొన్నవాడు చివరికి కేకు కోసేటప్పుడు జేబులోంచి ఫోను తీస్తున్నాడంటే, ఆ లెన్సుని ఫ్యామిలీ లెన్సు అన్నవాడు జవాబు చెప్పాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఒక్కటే లెన్సు చెప్పన్నా" అంటే రెట్లూ స్టాపులూ వల్లించకండి. చార్టులూ చూపించకండి. ఒక్క ప్రశ్న అడగండి: నువ్వు తియ్యబోయేది కదుల్తుందా, కదలదా? కదలదంటే, లేదా ఎండలోనే కదుల్తుందంటే, కళ్ళు మూసుకుని సూపర్‌జూము కొనుక్కోమనండి, స్టెబిలైజరు ప్రతి పైసాకీ న్యాయం చేస్తుంది. రాత్రి పూట ఇంట్లో కదుల్తుందంటే, ఆ డబ్బులో నాలుగో వంతో మూడో వంతో పెట్టి ఒక ఎఫ్/1.8 కొని, మిగిలిన దాంతో రైలు టిక్కెట్టు కొనుక్కుని ఇంటికి పొమ్మనండి.